పాలిమర్ గొలుసు ఆకృతి – ఎక్సిటాన్ స్థితి: పాలీఫ్లోరీన్ నిదర్శనం

సంయుగ్మ పాలిమర్ కాంతిని శోషించినప్పుడు ఎలక్ట్రాన్, రంధ్రం పరస్పర ఆకర్షణతో జంటగా నిలుస్తాయి. ఈ జంటయే ఎక్సిటాన్. గొలుసు బాగా మెలిక తిరిగిన చోట సంయుగ్మత సడలి, ఎక్సిటాన్ కొద్ది వలయాలకే పరిమితమవుతుంది. పాలీడైఆక్టైల్‌ఫ్లోరీన్ ఇందుకు చక్కని నిదర్శనం. గాజు స్థితిలో దాని శోషణ శిఖరం సుమారు 385 నానోమీటర్ల వద్ద ఉంటుంది. వలయాలు దాదాపు ఒకే తలంలోకి వచ్చే బీటా దశలో సుమారు 435 నానోమీటర్ల వద్ద కొత్త శిఖరం ఏర్పడుతుంది. రసాయన నిర్మాణం అదే; మారినది ఆకృతి మాత్రమే.

బీటా భాగం కొద్ది శాతమే ఉన్నా, తక్కువ శక్తి గల ఆ ప్రాంతాలకు ఎక్సిటాన్లు చేరడం వల్ల ఉద్గారంలో అధికభాగం అక్కడి నుండే వెలువడుతుంది. కనుక ఉద్గార వర్ణపటం ఒక్కదానితో బీటా భాగం పరిమాణాన్ని నిర్ణయించరాదు; శోషణ వర్ణపటాన్ని కూడా పరిశీలించాలి.