ఆస్ట్రోబయాలజీ అంటే ఏమిటి? హైదరాబాద్ బెలూన్ ఏం తేల్చింది?

భూమి అవతల ప్రాణి ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. మరి దొరకని ప్రాణికి శాస్త్రం ఎందుకు?

భూమ్మీదా, బయటా ప్రాణాన్ని పరిశోధించే ఆ శాస్త్రమే ఆస్ట్రోబయాలజీ. ముందు పేరు సంగతి. గ్రీకులో ‘ఆస్ట్రాన్’ నక్షత్రం, ‘బయోస్’ జీవం. 1941లో అమెరికాలో లారెన్స్ లాఫ్లూర్ ‘ఆస్ట్రోబయాలజీ’ పేరుతో వ్యాసం రాశారు. 1953లో సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త గవ్రిల్ తీఖొవ్ అదే పేరుతో పుస్తకం తెచ్చారు. 1960లో అమెరికా జీవశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ‘ఎక్సోబయాలజీ’ అన్నారు. ‘ఎక్సో’ అంటే బయట. కానీ భూమ్మీద ప్రాణం ఎలా పుట్టిందో, ఎంత వేడికీ ఎంత చలికీ తట్టుకుంటుందో తెలియకుండా బయట ఏం వెతకాలో తెలియదు. భూమినీ కలుపుకున్న పేరు కాబట్టే ఆస్ట్రోబయాలజీ నిలిచింది. 1998లో నాసా ఆ పేరుతోనే సంస్థ పెట్టింది.

ఎలా వెతుకుతారు? మన హైదరాబాద్‌లోనే చూడండి. 2005 ఏప్రిల్ 20న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం నుంచి, ఎత్తైన గాలిలో సూక్ష్మజీవులను వెతికే ఇస్రో ప్రయోగంగా 459 కిలోల పరికరాలతో బెలూన్ లేచింది. అందులో గాలి తీసేసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలు ద్రవ నియాన్‌లో మునిగి ఉన్నాయి. దాని చలి సున్నాకు దిగువన సుమారు 246 డిగ్రీలు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో మూత తెరిచినప్పుడు గాలి లోపలికి దూరి ఆ చలికి గడ్డకట్టేది. తర్వాత గొట్టాలు పారాషూట్‌తో దిగాయి.

ఆ గాలి నమూనాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు వేర్వేరుగా పరీక్షించాయి. ఎందుకు రెండు చోట్ల? ఒక ల్యాబ్‌లో మనుషుల చేతి నుంచో, గాలి నుంచో సూక్ష్మజీవి చేరితే రెండోచోట ఆ పొరపాటు బయటపడుతుందని. మొత్తం 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు కనిపించాయి. బ్యాక్టీరియాలో మూడు కొత్త జాతులు. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. దగ్గరి బంధువులకన్నా ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

మరి అవి అంతరిక్షం నుంచి వచ్చినవేనా? 2009లో ఫలితాలు వెల్లడిస్తూ, అలా రుజువు కాలేదని ఇస్రో స్పష్టంగా చెప్పింది. ఆర్యభట్ట పేరున్న బ్యాక్టీరియా తర్వాత మొక్కల వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలోనూ దొరికింది. కాబట్టి అది భూమి నుంచే పైకి వెళ్లిందనుకోవడం సబబు. అయినా ప్రాణం ఎంత ఎత్తున నిలవగలదో ఆ బెలూన్ చూపించింది.

ఇకపై ‘గ్రహాంతర జీవి దొరికింది’ అన్న వార్త చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. భూమి సూక్ష్మజీవి కలవకుండా ఏం జాగ్రత్త తీసుకున్నారు? రెండో ల్యాబ్ ఏమంది?