ఒకే చక్కెర, రెండు దారులు: ఇప్పపువ్వులోనూ, సైకిల్ తొక్కే కాళ్లలోనూ

వాహనం వెనుక ట్రైలర్‌లో సైకిళ్లు ఎక్కించుకుని పదిమంది కలిసి బయలుదేరడం, పగలంతా పచ్చని దారుల్లో సైకిల్ తొక్కడం, మధ్యలో వైన్ తయారీ కేంద్రాలు చూడడం చాలా దేశాల్లో సెలవుల సరదా. ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో దాదాపు 170 కిలోమీటర్ల వైన్ రహదారిని 1953లోనే ప్రారంభించారు. మన దేశంలో ఇలాంటి విహారానికి పేరున్న చోటు నాసిక్.

భిలాయి ఉక్కు నగరం చుట్టూ ఉన్నది వరిపొలాల నేల, ద్రాక్షతోటల సీమ కాదు. కానీ దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, బాలోద్ దగ్గర, 1921లో పూర్తయిన తాందులా జలాశయం ఉంది. ఉక్కు కర్మాగారానికి నీళ్లు అందించే జలాశయాల్లో ఇదొకటి. ఇంకా ముందుకు వెళ్తే కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా కొండలు. సైకిళ్లతో ఇటు వెళ్లే బృందానికి ద్రాక్షకు బదులు ఎదురయ్యేది ఇప్పచెట్టు. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని మహువా అంటారు. ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీ ప్రాంతాల తెలుగువారికి ఇది కొత్త చెట్టు కాదు.

పువ్వే పండులాంటిది

ఇప్ప శాస్త్రీయ నామం మధుక లాంగిఫోలియా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులు రాలిన కొమ్మలకు గుత్తులుగా పూస్తుంది. పువ్వులు రాత్రి విచ్చుకుంటాయి. ఆ వాసనకు, తీపికి గబ్బిలాలు వస్తాయి. తెల్లవారేసరికి కండగల పూరేకుల భాగం రాలి నేలమీద పడుతుంది. ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని వెళ్లి ఏరుకొస్తారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అందుకే దాన్ని లడ్డూలు చేస్తారు, కూర వండుతారు, పశువులకు పెడతారు, సారా కాస్తారు.

ద్రాక్షరసం వైన్ కావడానికీ, నానబెట్టిన ఇప్పపువ్వు పులియడానికీ కారణం ఒక్కటే. ఈస్ట్ అనే ఏకకణ జీవి గ్లూకోజు అణువును రెండుగా విడగొట్టి, చివరికి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల వాయువు రావాలి. అయితే ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్‌కే అది విషమవుతుంది. 12 నుంచి 15 శాతం దగ్గర చాలా రకాల ఈస్ట్ పని ఆపేస్తుంది. వైన్ అక్కడే ఆగుతుంది. ఇప్పసారా అలా కాదు. పులిసిన రసాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పడతారు. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి నీటికంటే ముందుగా ఆవిరవుతుంది, సారా ఘాటు పెరుగుతుంది. ఇంట్లో కాచిన దానిలో ఎంత ఆల్కహాల్ ఉందో వాసనను బట్టిగానీ రుచిని బట్టిగానీ చెప్పలేం.

కండరంలోనూ అదే పని

ఇప్పుడు సైకిల్ తొక్కే మనిషి కాళ్లను చూద్దాం. అక్కడా ఇంధనం గ్లూకోజే. కండరకణం కూడా దాన్ని, దాదాపు ఈస్ట్ వాడే మెట్ల మీదుగానే, రెండుగా విడగొడుతుంది. దారులు వేరయ్యేది చివర్లోనే. ఈస్ట్ ఆల్కహాల్ తయారుచేస్తుంది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కేటప్పుడు కండరం లాక్టేట్ తయారుచేస్తుంది. ఆక్సిజన్ చాలినంత అందితే గ్లూకోజు పూర్తిగా మండి, పదిహేను రెట్ల దాకా ఎక్కువ శక్తినిస్తుంది.

ఈ శక్తిని కణం ఏటీపీ అనే అణువు రూపంలో ఖర్చు పెడుతుంది. దాని కథలో ఒక తెలుగు పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. సైకిల్ మీద ఒక్కసారిగా వేగం అందుకునే తొలి కొద్ది సెకన్లకు ఆసరా ఆ ఫాస్ఫోక్రియాటినే.

రెండు దారులు కలిసే చోటు

లాక్టేట్ పనికిరాని చెత్త కాదు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మూడు నాలుగు గంటలు సైకిల్ తొక్కాక కాలేయంలో దాచిన చక్కెర నిల్వ బాగా తగ్గుతుంది. పెద్దల కాలేయంలో ఆ నిల్వ మొత్తం 100 గ్రాములకు అటూఇటూ. అప్పుడు మెదడుకు అందే గ్లూకోజు చాలావరకు ఈ కొత్త తయారీ మీదే ఆధారపడుతుంది.

సరిగ్గా ఆ సమయంలో ఒంట్లోకి ఆల్కహాల్ వస్తే? దాన్ని విరగ్గొట్టే పని కూడా కాలేయానిదే. ఆ పనికి ఎన్‌ఏడీ అనే సహాయక అణువు కావాలి. లాక్టేట్‌ను గ్లూకోజుగా మార్చడానికీ మొదట కావలసింది అదే. ఆల్కహాల్ దాన్ని లాగేసుకుంటే గ్లూకోజు తయారీ మందగిస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబడడం, అయోమయం మొదలవుతాయి. పక్కనున్నవారు "ఎక్కువైంది, పడుకుంటే సర్దుకుంటుంది" అనుకుంటారు. అసలు ప్రమాదం ఈ పొరపాటులోనే ఉంది.

మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర కలిపిన నీళ్లో, పండ్లరసమో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఆల్కహాల్ మరో రెండు పనులు చేస్తుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది. చెమటతో నీరు కోల్పోయిన శరీరం ఇంకా ఎండుతుంది. ఇక చిన్నమెదడు పని మందగిస్తే రెండు చక్రాల మీద నిలకడ పోతుంది. కాలేయం గంటకు పది గ్రాముల లోపు ఆల్కహాల్‌నే వదిలించుకోగలదు. కాఫీగానీ చన్నీళ్ల స్నానంగానీ ఆ వేగాన్ని పెంచవు.

ముందు సైకిల్, ఆ తర్వాత భోజనం

కాబట్టి బృందంగా వెళ్లేవారికి వరుస ముఖ్యం. సైకిల్ ప్రయాణం పూర్తయి, నీళ్లు తాగి, కడుపునిండా తిన్న తర్వాతే మిగతా సంగతి. పూర్తిగా మానుకుంటే ఇంకా మేలు. ట్రైలర్‌ను లాగే వాహనం నడిపేవారు మాత్రం చుక్క కూడా ముట్టకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం.

ఇప్పపువ్వును రుచి చూడడానికి సారాయే అక్కర్లేదు. దారిలో తినడానికి ఎండు ఇప్పపువ్వు లడ్డూ చక్కటి తిండి. ఈస్ట్‌కు అందని ఆ చక్కెర నేరుగా కాళ్లకే అందుతుంది. పువ్వులు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడితే లేత మొక్కలు కూడా మాడిపోతాయి. అందుకే కొన్నిచోట్ల ఇప్పుడు చెట్టు కింద వలలు కట్టి, మట్టి అంటకుండా పువ్వులు పడుతున్నారు. అలా శుభ్రంగా పట్టిన పువ్వు తిండిగా అమ్ముడుపోతే ఏరినవారి చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, చెట్టు కింద మొలకలూ బతుకుతాయి.