ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలో తెలుగు ప్రశ్నవాక్యం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత విద్యార్థుల సన్నద్ధత దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలో భాషకు విడిగా మార్కులు లేవు. అయినా గణితమైనా, భౌతికశాస్త్రమైనా ప్రశ్న విద్యార్థిని చేరేది వాక్యరూపంలోనే. ఆ వాక్యనిర్మాణం, పారిభాషిక పదాలు తెలుగు మాధ్యమ విద్యార్థి సమాధానాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రవేశపరీక్ష, ప్రశ్నవాక్యం, ధాతుజ విశేషణం, పారిభాషిక పదం, తెలుగు బోధన.

1. ప్రవేశిక:
1986లో ఎంసెట్‌గా మొదలైన ఉమ్మడి ప్రవేశపరీక్ష, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి ఈఏపీసెట్‌గా వ్యవహారంలో ఉంది. ఇంజినీరింగ్ విభాగంలో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40, మొత్తం 160 ప్రశ్నలు. వ్యవధి 180 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు దక్కేది సగటున 67.5 సెకన్లు. ర్యాంకు గణనలో ఇంటర్మీడియట్‌కు ఇచ్చే 25 శాతం భారాంకం గ్రూపు సబ్జెక్టులకే పరిమితం. భాషల మార్కులు అందులో చేరవు. తెలుగు తరగతిని విద్యార్థి తేలికగా తీసుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. బాపట్లలో 1981 నుండే ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కళాశాల చేరువలోనే ఉన్నా, ఈ డెల్టా గ్రామాల నుండి తెలుగులో చదువుకొని వచ్చే విద్యార్థికి ప్రశ్నను సరిగా చదవడమే తొలి మెట్టు.

2. అడిగిన అంశం వాక్యాంతంలో:
ఈ ప్రశ్నను పరిశీలిద్దాం: “20 మీటర్ల ఎత్తుగల గోపురం పైనుండి విరామస్థితిలో విడిచిన రాయి నేలను చేరే ముందు చివరి సెకనులో ప్రయాణించిన దూరమెంత?” ఆంగ్లంలో ఇటువంటి ప్రశ్న సాధారణంగా ‘దూరమెంత’ అన్న అంశంతో మొదలవుతుంది. తెలుగులో ‘విడిచిన’, ‘చేరే’, ‘ప్రయాణించిన’ అనే ధాతుజ విశేషణాలు వరుసగా వచ్చాక, చివర్లో గాని అడిగినదేమిటో తెలియదు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొంటే రాయి నేలను చేరడానికి 2 సెకన్లు పడుతుంది. మొదటి సెకనులో 5 మీటర్లు, రెండవ సెకనులో 15 మీటర్లు పడుతుంది. కనుక సమాధానం 15. తొందరలో ‘చివరి సెకనులో’ అన్న పదబంధాన్ని దాటవేసిన విద్యార్థి 20 అని గుర్తిస్తాడు. అతనికి సూత్రం తెలుసు, తప్పింది పఠనం.

ఇది తెలుగు వాక్యంలోని లోపం కాదు, దాని స్వభావం. చివరి నామాన్ని, క్రియను ముందుగా చూసి, తరువాత వాక్యాన్ని మొదటి నుండి చదివే అలవాటు దీనికి తగిన ఉపాయం.

3. విభక్తి, వ్యతిరేకార్థం:
“మొదటి బండి వేగానికి, రెండవ బండి వేగానికి గల నిష్పత్తి” అన్నచోట రెండు పదాలకూ ‘కి’ ప్రత్యయమే ఉంది. ఏది ముందో చెప్పేది పదక్రమం మాత్రమే. 2:3, 3:2 రెండూ ఐచ్ఛికాల్లో ఉంటే క్రమం తప్పినవాడు మార్కు కోల్పోతాడు. అలాగే ‘సరైనది’, ‘సరికానిది’ అన్నవాటి మధ్య భేదం పదం నడుమ ఇమిడిన ‘కాని’లో ఉంది. వేగంగా చదివే కంటికి అది సులభంగా తప్పిపోతుంది.

4. లోకవ్యవహారం, శాస్త్రవ్యవహారం:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా శాస్త్ర పరిభాషను ఇంటర్మీడియట్ విద్యార్థులకు చేరువ చేసింది. అయితే కొన్ని పదాలకు ఇంట్లో ఒక అర్థం, పుస్తకంలో మరొక అర్థం. ‘వడి’, ‘వేగం’ వాడుకలో పర్యాయపదాలు. భౌతికశాస్త్రంలో వడి అదిశ, వేగం సదిశ. ‘అణుబాంబు’లోని ‘అణు’ పరమాణువుకు సంబంధించినది; రసాయనశాస్త్ర పుస్తకంలో అణువు వేరు, పరమాణువు వేరు. రేపల్లె స్టేషనులో తలపై మూటతో సమతలంగా నడిచే కూలీ చేసేది లోకదృష్టిలో కష్టమైన పనే. కాని ఆ నడకలో మూటపై గురుత్వబలం చేసిన పని సున్న.

5. ముగింపు:
2021 నుండి జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం కూడా తెలుగుతో సహా 13 భాషల్లో వెలువడుతున్నది. అనువాదంలో సందేహం వస్తే ఆంగ్లపాఠమే ప్రమాణమన్నది అక్కడి నిబంధన. కాబట్టి తెలుగులో అర్థం చేసుకొని, సందేహం కలిగినచోట ఆంగ్లంతో సరిచూసుకోవడం విద్యార్థి నేర్వవలసిన పద్ధతి. దీన్ని నేర్పవలసిన బాధ్యత గణిత, భౌతికశాస్త్ర అధ్యాపకులది మాత్రమే కాదు. ధాతుజ విశేషణాన్ని, విభక్తిని బోధించే తెలుగు అధ్యాపకుడు వారానికొక తరగతిలో పాత ప్రశ్నపత్రాల వాక్యాలనే ఉదాహరణలుగా తీసుకోవచ్చు. అప్పుడు వ్యాకరణం విద్యార్థికి అక్కరకు వస్తుంది. తెలుగు తరగతి ఎందుకన్న ప్రశ్నకు అతనికే సమాధానం దొరుకుతుంది.