తొమ్మిదో తరగతిలో భాగహారం

2024 మే 8 రాత్రి ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ జట్టు లక్నో మీద ఒక్క వికెట్టూ పోకుండా 9.4 ఓవర్లలో 167 పరుగులు కొట్టేసింది. ఓవర్‌కి ఎన్ని పరుగులు పడ్డట్టు? ఫోన్‌లో 167ని 9.4తో భాగిస్తే 17.77 వస్తుంది. అది తప్పు. ఓవర్ల లెక్కలో ఆ చుక్క దశాంశ బిందువు కాదు. చుక్క తర్వాతి 4 అంటే నాలుగు బంతులు. తొమ్మిది ఓవర్లకు 54, పైన 4, మొత్తం 58 బంతులు. ట్రావిస్ హెడ్ ఆడిన 30, అభిషేక్ శర్మ ఆడిన 28 కలిపినా అంతే. 167ని 58తో భాగించి ఆరుతో గుణిస్తే సుమారు 17.28. హైస్కూలు పిల్లలకు కూడికలూ భాగహారాలూ మళ్లీ మొదటినుంచి నేర్పాల్సి వస్తే, ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి పాఠం నాకు తోచదు.

మళ్లీ నేర్పాల్సి వస్తుందా అంటే, వస్తోంది. 14–18 ఏళ్ల వాళ్ల మీద ప్రథమ్ సంస్థ 2023లో చేసిన ‘అసర్’ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో సరిగ్గా భాగించగలిగినవాళ్లు 43 శాతమే. అది పల్లెల సర్వేయే గానీ ఉప్పల్, నాచారం బడులకు ఈ బెడద లేదనుకోవడానికి కారణం కనపడదు. మూడో తరగతిలో తప్పిన పాఠం దగ్గర ఆరో తరగతి సారు ఆగలేరు, ఆయన సిలబస్ ఆయనకుంది. తొమ్మిదిలో బీజగణితం వచ్చాక అసలు సంగతి బయటపడుతుంది. 3x = 51 దాకా పిల్లవాడు చక్కగానే వస్తాడు. ఆగిపోయేది 51ని 3తో భాగించే దగ్గర.

ఈ తప్పులు గాలివాటుగా వచ్చేవి కావు. 402లోంచి 157 తీసేయమంటే కొందరు 355 వేస్తారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారన్నమాట. 618ని 6తో భాగిస్తే 13 అంటారు, మధ్యలో సున్నా పెట్టాలని తోచదు. 0.15, 0.7లలో ఏది పెద్దదంటే 0.15 అంటారు, ఏడు కంటే పదిహేను పెద్దది కాబట్టి. వీటిలో బద్ధకం లేదు. ఒక నియమం ఉంది, కాకపోతే తప్పుడు నియమం. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఇలాంటి తప్పులను కంప్యూటర్ ప్రోగ్రాంలో దొర్లే లోపాలతో పోల్చి వర్గీకరించారు. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, అలాంటివే ఇరవై లెక్కలు ఇంటికిస్తే పిల్లవాడు ఆ తప్పుడు నియమాన్నే ఇరవైసార్లు సాధన చేస్తాడు. ‘ఎలా చేశావురా, చెప్పు’ అని అడిగితే సగం పని అయినట్టే.

ఎక్కాలు రావని అందరూ తిట్టుకుంటారు గానీ పై మూడింటికీ మూలం స్థాన విలువ. 402 రూపాయలంటే నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు అనుకుందాం. కిరాణా కొట్లో 157 ఇవ్వాలి. ఒక వంద మార్చి పది పదులు, అందులో ఒక పది మార్చి పది బిళ్లలు తీసుకుంటాం. ఇప్పుడు చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు. 157 ఇచ్చేస్తే మిగిలేది 245. ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని మనకు నేర్పిన దాంట్లో అప్పేమీ లేదు, చిల్లర మార్చడమే ఉంది. 618ని ఆరుగురికి పంచినా ఇంతే. వంద నోట్లు తలా ఒకటి. పది నోటు ఒక్కటే ఉంది, ఎవరికీ రాదు, అక్కడే సున్నా. దాన్ని మార్చి పద్దెనిమిది బిళ్లలు పంచితే తలా మూడు. జవాబు 103.

అయితే పద్నాలుగేళ్ల కుర్రాడి చేతిలో మూడో తరగతి పుస్తకం పెడితే వాడు తెరవడు. పక్కవాళ్లు చూస్తారు. వయసుకు తగ్గ లెక్క కావాలి. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే తండ్రి జీతం చీటీ తీసుకోండి. పీఎఫ్‌కీ ఈఎస్ఐకీ లెక్కలోకొచ్చే వేతనం 14,000 అనుకుంటే, పీఎఫ్ 12 శాతం అంటే 1,680 రూపాయలు, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 105. 75 అని ఉన్నది 12 కంటే ఎందుకు తక్కువ కోసిందో ఆ చీటీ మీదే తేలిపోతుంది. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ 105 ఎటు పోతోందో వేరే చెప్పనక్కర్లేదు.

జీవితంలోని లెక్క చూపిస్తే చాలు, బడి లెక్క దానంతటదే వచ్చేస్తుందని మాత్రం అనుకోకూడదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలను పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. బేరం లెక్కలు నోటితో చకచకా చెప్పే ఆ పిల్లలే, అదే స్థాయి లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలది సరిగ్గా తిరగబడిన కథ. కాబట్టి నోట్లతో చేసిన ప్రతి లెక్కనూ వెంటనే పక్కన అంకెల్లో రాయించాలి. నేర్పేవాళ్లు తరచూ వదిలేసేది ఈ రెండో భాగాన్నే.

పెద్దపిల్లలకు మొదటి లెక్కలు నేర్పిన అనుభవం మనకు లేకపోలేదు. ఉప్పల్ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అదే జిల్లాలో శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో పనులు మానిపించిన పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం 6–9 తరగతులకు ‘ఉన్నతి’ కార్యక్రమం తెచ్చింది. ఏ పేరుతో చేసినా టెన్త్ స్పెషల్ క్లాసుల దాకా ఆగితే లాభం లేదు. ఎనిమిదో తరగతి జూన్‌లోనే పైన చెప్పిన మూడు లెక్కలూ ఇచ్చి చూస్తే ఎవరికి ఏది అంతుపట్టలేదో ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది. మార్కులు వేయకపోతే పిల్లలు దాచకుండా చేస్తారు.