భద్రాచలంలో స్మార్ట్ హోమ్: డేటా బస్ హబ్‌ల వైరింగ్ ఇలా!

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఇలాంటి చోట స్మార్ట్ హోమ్ ప్లాన్ చేస్తున్నారా? అయితే ఇల్లంతా ఒకే ఆర్‌ఎస్-485 లైన్ మీద పెట్టకండి. కింది ఫ్లోర్‌లో నీళ్లు చేరి వైర్లు షార్ట్ అయితే, పైఫ్లోర్ స్విచ్‌లు కూడా ఆగిపోతాయి.

అందుకే పైఫ్లోర్‌లో ఐసోలేటెడ్ హబ్ పెట్టి, ఫ్లోర్‌కో లైన్ లాగండి. పవర్ సప్లై కూడా దేనికదే. పోర్టులు చాలకపోతే, రెండో హబ్‌ని మొదటిదాని ఖాళీ పోర్టుకి కలపండి. అదీ పైనే ఉండాలి.

ప్రతి లైన్‌లో డివైజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా రావాలి. లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, లేదంటే సిగ్నల్ వెనక్కి కొట్టి డేటా పాడవుతుంది. హబ్‌లో ఆల్రెడీ ఉంటే, అవతలి చివర ఒక్కటి చాలు.

ఇక వరద హెచ్చరిక వస్తే కింది ఫ్లోర్ ఆఫ్ చేసేయండి. పైన ఇన్వర్టర్ మీద అన్నీ నడుస్తాయి.