సెర్చ్ ఇంజన్ కంటికి ఆనని దుకాణం

దుర్గి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల సున్నం పేర్లు తెలుగునాట కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా ఆ సరుకు అమ్మేవాళ్లు వెబ్‌సైట్ పెట్టించుకున్నాక గూగుల్‌లో కనబడకపోతే, ఎక్కడో నమోదు చేయించలేదనో, డబ్బు కట్టలేదనో అనుకుంటారు. అసలు లోపం చాలాసార్లు అక్షరాల్లోనే ఉంటుందని నా వాదన.

నమోదు నమ్మకం ఊరికే పుట్టలేదు, సెర్చ్ ఇంజన్ బాల్యంలో అది నిజమే. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆలన్ ఎమ్టేజ్ తయారుచేసిన ఆర్చీ ఫైళ్ల పేర్లను మాత్రమే వెతికేది. 1993 నాటి ఆలీవెబ్‌కు సైటు యజమానే తన వివరాల పట్టీ రాసిపెట్టాలి. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీలో మనుషులే సైట్లను చూసి వర్గాల వారీగా చేర్చేవారు. దరఖాస్తు, తనిఖీ, చేర్పు: అచ్చం మున్సిపల్ లైసెన్సు తంతు. ఈలోగా 1993 డిసెంబరులో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ ఫ్లెచర్ జంప్‌స్టేషన్‌ను వదిలాడు. అది ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా లింకు వెంట లింకు పట్టుకుని తానే పేజీలు తిరిగేది. అయితే శీర్షికలు, ఉపశీర్షికలే దాచుకునేది. మరుసటి ఏడాది వచ్చిన వెబ్‌క్రాలర్ పేజీలోని మాటలన్నిటినీ పదసూచికలోకి ఎక్కించింది. ఏ మాట ఏ పేజీలో ఉందో ముందే రాసిపెట్టుకోవడం వల్లే జవాబు క్షణంలో వస్తుంది. ఆ పేజీల్లో ఏది ముందు అన్న లెక్కకు 1998లో గూగుల్ లింకుల బలాన్ని జోడించింది. 2005లో వచ్చిన సైట్‌మ్యాప్ పేజీల చిరునామాల జాబితా. దాన్ని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. కానీ అది పిలుపు మాత్రమే. వచ్చిన యంత్రానికి చదవడానికి ఏం దొరుకుతుందన్నది వేరే సంగతి.

ఈ సంగతిలో తెలుగు పడ్డ పాట్లు కొద్దివి కావు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటుంది. అయినా విండోస్‌లో తెలుగు మద్దతు ఎక్స్‌పీతోగానీ రాలేదు. ఆ లోగా పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడుకున్నాయి. ఆ పద్ధతిలో పేజీ లోపల ఉండేవి లాటిన్ అక్షరాల సంకేతాలే. ఫాంట్ వాటికి తెలుగు బొమ్మలు తొడిగేది. మనిషి కంటికి చక్కటి వార్త, పేజీలు తిరిగే క్రాలర్‌కు అర్థంలేని గీతలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికే పద్మ అనే ఉపకరణం పుట్టింది. పత్రికలు క్రమంగా మారాయి. డీటీపీ మాత్రం అను ఫాంట్లను వదల్లేదు. కరపత్రానికి కంపోజ్ చేసిన ఆ మాటలు సైటులోకి వచ్చేసరికి మామూలుగా ఫొటోగానే వస్తాయి. శిల్పాల సైటైతే మరీనూ: పేజీ నిండా బొమ్మలు, ఆ రాయి ఏదో, ఆ మూర్తి ఎవరో, ఎత్తు ఎన్ని అడుగులో చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు యంత్రాలు బొమ్మల్లోని అక్షరాలూ చదువుతున్నాయి కదా అనవచ్చు. చదవగలవు, నిజమే. అయినా ఫొటో దేని గురించో తేల్చుకోవడానికి ఆల్ట్ టెక్స్టు (బొమ్మకు కోడ్‌లో రాసే వివరణ), కింది వివరణ, చుట్టూ ఉన్న మాటలను కూడా వాడుకుంటానని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతోంది. ప్రకటన ఇస్తే పైన కనబడుతుందిగా? కనబడుతుంది, ప్రకటనగా, డబ్బు ఉన్నన్నాళ్లు; మామూలు వరసలో స్థానం దాంతో మారదు. మ్యాప్‌లో దుకాణం పెడితే చాలదా అన్నది వీటన్నిటికంటే బలమైన ప్రశ్న. నరసరావుపేటలో టిఫిన్ సెంటర్‌కు చాలు, సైటే అక్కర్లేదంటాను. కానీ మరో రాష్ట్రం నుంచి గుడికి విగ్రహం చేయించాలని వెతికేవాడు దగ్గర్లోని దుకాణాన్ని అడగడు, పనితనాన్ని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాల్సింది పేజీలోని వాక్యాలే. అవి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి.

చిరునామాలో ఇంకో చిక్కుంది. దుర్గి, మాచర్ల, పిడుగురాళ్ల ఉన్న పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు రాసిన పేజీల్లో ఈ ఊళ్లన్నీ గుంటూరు జిల్లాయే. గురజాలను ఇంగ్లిష్‌లో జెడ్‌తో రాసేవారూ ఉన్నారు, జేతో రాసేవారూ ఉన్నారు. చాలా తేడాలను యంత్రం తానే సర్దుకుంటుంది. పాత జిల్లా పేరు చిరునామా దగ్గర ఒకసారి చెప్పడం సబబే. ఊరి పేరును పది రకాలుగా రాసి పేజీ అడుగున కుక్కితే మాత్రం గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కకట్టి సైటును కిందికి నెట్టవచ్చు.