కాళ్లొచ్చాయి... కాలం రావాలి!

ఆర్నెల్లకే గుర్రంలా దౌడు తీస్తుంది. కళ్లముందు కుందేలు కదిలితే చాలు, మెడపట్టా తెంచుకుపోతానంటుంది. అయినా అనుభవమున్న యజమాని ‘ఇప్పుడే కాదు’ అంటాడు. మరి, వేట జాగిలాన్ని తొలిసారి వదలాల్సింది ఎప్పుడు? ఆ నిర్ణయం వెనక బోలెడంత లెక్క ఉంది.

చాలా కుక్కలు ముక్కును నమ్ముకుంటాయి. వాసన పట్టుకుని వెళ్తాయి. గ్రేహౌండ్, సలూకీ, విప్పెట్, మన ముధోల్... వీటి తీరే వేరు. కంటితో చూసి, కాళ్లతో వేటాడతాయి. అందుకే వీటిని ‘సైట్‌హౌండ్స్’ అంటారు. సన్నటి నడుము, లోతైన ఛాతీ, పొడవాటి కాళ్లు... అన్నీ పరుగు కోసమే అన్నట్టుంటాయి. గ్రేహౌండ్ అయితే గంటకు 65-70 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ దౌడులో ఒక్కో అంగకు రెండుసార్లు నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి! అంత వేగంలో కుందేలు వెనక గిరుక్కున మలుపు తిరిగితే ఒంటి బరువంతా ఒకట్రెండు కాళ్లమీద పడుతుంది. చిక్కంతా అక్కడే.

ఎముక ముదరాలి

కుక్కపిల్ల కాళ్ల ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొరలుంటాయి. ఎముక పొడవు పెరిగేది వాటి దగ్గరే. పెద్దజాతుల్లో ఆ పొరలు పూర్తిగా గట్టిపడటానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఈలోపు అక్కడ గట్టి దెబ్బ తగిలితే కాలు వంకరపోవచ్చు, పొట్టిగా మిగిలిపోవచ్చు. ఎత్తు మాత్రం అంతకంటే ముందే దాదాపుగా వచ్చేస్తుంది. పైకి చూస్తే ‘పెద్దదైపోయింది’ అనిపిస్తుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే. అనుమానముంటే పశువైద్యుడు ఎక్స్‌రే తీసి, ఎముక ఎంతవరకు వచ్చిందో చెప్పగలడు.

పోటీలు పెట్టేవాళ్లూ ఈ సంగతి గుర్తించారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ‘లూర్ కోర్సింగ్’ పోటీలకు ఏడాది నిండని కుక్కను రానివ్వదు. బ్రిటన్ రేసుల్లో గ్రేహౌండ్‌కి 15 నెలలు నిండాలి.

అలాగని ఏడాదిపాటు కట్టేసి ఉంచమని కాదు. మట్టిలో, గడ్డిలో తనకు తోచినట్టు పరుగెత్తి, అలిసినప్పుడు ఆగిపోయే ఆట పిల్లకు మంచిదే. బండికి కట్టి తారురోడ్డు మీద మైళ్లకు మైళ్లు ఉరికించడమే చేటు.

మనసూ ఎదగాలి

ఒళ్లు సిద్ధమైతే సరిపోతుందా? అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోని ఎడారి మైదానాల్లో ‘జాక్ ర్యాబిట్’ అనే పెద్ద కుందేళ్లను సైట్‌హౌండ్స్‌తో వేటాడే అలవాటు ఉంది. అలాంటిచోట యజమాని ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పిలిస్తే వెనక్కి వస్తుందా? గొర్రెల్నీ మేకల్నీ చూసి వాటి మీదకు ఎగబడదు కదా? పక్కన మరో కుక్క పరుగెడుతుంటే దాన్ని వదిలి వేట వైపే చూస్తుందా? వీటిలో దేనికి ‘లేదు’ అని జవాబొచ్చినా ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే.

తొలి అనుభవం మహా ముఖ్యం. బాగా పరుగెత్తగల ముదురు కుందేలు వెనక పదేపదే వదిలితే పసికుక్క డీలాపడుతుంది. ఎంత ఉరికినా అందదని తేలిపోతే ఉత్సాహమే చచ్చిపోవచ్చు. అనుభవమున్న కుక్కను జత చేస్తే పని తెలుస్తుంది. అదీ అతి అయితే ముప్పే! పెద్దకుక్క తరుముతుంటే తను వెనకే ఉండి, కుందేలు మలుపు తిరిగే చోటికి అడ్డదారిన వెళ్లి కాపుకాయడం నేర్చుకుంటుంది. తెలివే కావచ్చు. కానీ కోర్సింగ్‌వాళ్ల దృష్టిలో అది దొంగాట. ఒకసారి అబ్బితే వదిలించడం కష్టం.

తొలి పరుగు ఇలా...

చల్లటి ఉదయం ఎంచుకోవాలి. ముళ్లకంచెలూ గుంతలూ రాళ్లూ లేని నేల కావాలి. ఒకట్రెండు పరుగులు చాలు. ‘ఇంకొక్కసారి’ అని కుక్క ఆరాటపడుతున్నప్పుడే ఆపేయాలి. ఆ ఆరాటమే మర్నాటికి పెట్టుబడి! ఇంటికొచ్చాక అరికాళ్లు, గోళ్లు, వేళ్ల మధ్య చర్మం తడిమి చూడాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38-39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది 41 దాటితే ప్రాణం మీదకొచ్చినట్టే. రొప్పు తగ్గకపోయినా, కాళ్లు తడబడినా వెంటనే నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి, వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

అరబ్బు ఎడారుల్లో సలూకీని వేట కనిపించేదాకా ఒంటెమీద కూర్చోబెట్టుకెళ్లే సంప్రదాయం ఉండేది. కాలే ఇసుకలో దాని పాదాలు దెబ్బతినకూడదనీ, ఓపిక వృథా కాకూడదనీ ఆ జాగ్రత్త.

మన దగ్గరైతే?

మన దేశంలో ఈ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. చెవులపిల్లే కదా అని కుక్కను ఉసిగొల్పినా కేసు తప్పదు. మరి మన వేట జాగిలాలు ఏం కావాలి? కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరుతో వెలసిన జాతికి 2005లో తపాలా బిళ్ల దక్కింది. 2016లో ఆ జాతి పిల్లలు సైనిక శిక్షణ కోసం మీరట్ వెళ్లాయి. వేటే వాటి బతుకు కానక్కర్లేదని తేలిపోయింది.

ముధోల్‌ని ఇంట్లో పెంచుకుంటున్నవాళ్లకు లూర్ కోర్సింగ్ పద్ధతి పనికొస్తుంది. 1970ల్లో అమెరికాలో మొదలైన ఆట ఇది. చుట్టూ కంచె ఉన్న మైదానంలో తాడుకు కట్టిన ప్లాస్టిక్ సంచిని యంత్రంతో లాగుతారు. కుక్క దాన్ని తరుముతుంది. ఏ ప్రాణీ చావదు. కాకపోతే ఇక్కడా అదే నియమం... ఏడాది, ఏడాదిన్నర ఆగాల్సిందే. సంచి వెనకైనా మలుపు మలుపే, లేత ఎముక లేత ఎముకే.

ఇలాంటి జాగిలానికి ‘నావల్ల కాదు’ అని చెప్పడం రాదు. కాలు బెణికినా, ఊపిరి ఆడకపోయినా, ఎదుట ఏదైనా పరుగెడితే తనూ ఉరుకుతుంది. ఆగే బాధ్యత పట్టీ పట్టుకున్న చేతిదే.